హస్కీల బండి ఎక్కే ముందు, చిన్నీ

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నువ్వు మాట దాటేశావు గానీ, నీ గొంతులో భయం నాకు వినిపించింది. ఫ్రెండ్సందరూ ఫిబ్రవరిలో నార్వేలోని ట్రోమ్సో వెళ్తున్నారు, ఒక రోజంతా మంచు మీద హస్కీ కుక్కలు లాగే బండి కూడా బుక్ చేస్తున్నారు, "నేను మాత్రం ఆ రోజు హోటల్లో ఉండిపోతాలే అమ్మా" అన్నావు. ఎందుకో నాకు తెలుసు. ఏడేళ్ళప్పుడు మన దానవాయిపేట సందులో కుక్క నీ పిక్క పట్టుకున్నప్పటి నుంచి కుక్క ఉన్న వీధిలోకి నువ్వు అడుగు పెట్టలేదు. లీడ్స్‌లో కూడా పార్కులో కుక్క ఎదురైతే పక్కకు తప్పుకుంటావని అన్నయ్య చెప్పాడు. ఆ భయం చిన్నదని నేను ఎప్పుడూ అనను, ఆ ఇంజెక్షన్లకు నిన్ను ఎత్తుకుని తీసుకెళ్ళింది నేనే. అయినా హోటల్లో ఉండిపోకు. పోయిన జనవరిలో అన్నయ్య, వదినలతో మేమిద్దరం వెళ్ళొచ్చాం కదా, అప్పుడు ఫొటోలు పంపాను తప్ప అక్కడ చూసిందేమీ నీకు వివరంగా చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

మేము వెళ్ళినప్పుడు అక్కడ సూర్యుడే లేడు. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి బాగా పైన, దాదాపు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంటుంది. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పైకి రాడు. అలాగని రోజంతా కటిక చీకటి అనుకోకు. పదిన్నర, పదకొండు అయ్యేసరికి దక్షిణం వైపు ఆకాశం గులాబీ రంగుకు తిరుగుతుంది, కొండల మీది మంచంతా నీలంగా కనిపిస్తుంది. రెండు దాటితే మళ్ళీ చీకటి. నువ్వు వెళ్ళే ఫిబ్రవరి రెండో వారానికి ఆరు గంటల పైనే పగలు ఉంటుంది కాబట్టి నీకు ఈ ఇబ్బంది లేదు. చలి కూడా నువ్వు ఊహించుకున్నంత ఉండదు. తీరం వెంట వెచ్చటి సముద్ర ప్రవాహం ఉండటం వల్ల అంత ఉత్తరాన ఉన్నా అక్కడ జనవరి సగటు మైనస్ నాలుగు దరిదాపుల్లోనే ఉంటుంది. లోపలికి, ఫిన్లాండ్ సరిహద్దు వైపు వెళ్తేనే మైనస్ ముప్పై మాట.

ఊళ్ళోంచి బస్సులో వంతెన దాటి క్వాలోయా అనే దీవిలోకి తీసుకెళ్తారు. బస్సు దిగగానే అరుపులు వినిపిస్తాయి. నువ్వు వెనక్కి తగ్గేది అక్కడే, అందుకే ఈ సంగతి ముందే చెప్తున్నాను. వంద పైన కుక్కలు, ఒక్కోదానికి ఒక చెక్క గూడు, గూడు పక్కన గుంజ, గుంజకు గొలుసు. అన్నీ ఒక్కసారిగా మొరుగుతాయి, కూస్తాయి, గూటి పైకెక్కి గెంతుతాయి. నాకూ గుండె దడ పుట్టింది. కానీ కాసేపు నిలబడి చూశాను. ఒక్కటీ పళ్ళు చూపించడం లేదు. వెంట్రుకలు నిక్కబొడుచుకోలేదు, తోకలు మాత్రం ఆగకుండా ఊగుతున్నాయి. అవి అరిచేది మనుషుల్ని చూసి కాదు, గైడ్ చేతిలో ఉన్న, బండి లాగడానికి వాటి ఒంటికి కట్టే హార్నెస్‌లను చూసి. ఈ రోజు జట్టులోకి ఎవరిని తీసుకుంటారా అని వాటి ఆత్రం. స్కూల్ బస్సు రాగానే పిల్లలు తోసుకున్నట్టే ఉంటుంది ఆ గోల. జట్టులో చోటు దొరకని కుక్క ఎంత దీనంగా ఏడ్చిందో నువ్వు వింటే నీకే జాలేస్తుంది.

ఇంకొక సంగతి, అవి క్యాలెండర్లలో కనిపించే నీలికళ్ళ తోడేలు రూపం హస్కీలు కావు. ఎక్కువ చోట్ల బండి లాగేవి అలాస్కన్ హస్కీలు. పేరుకు హస్కీలే గానీ, కుక్కల జాతుల్ని నమోదు చేసే ఏ కెన్నెల్ క్లబ్బూ జాతిగా గుర్తించని కలగలుపు కుక్కలవి. తరాల తరబడి రూపాన్ని చూసి కాదు, పరుగునూ పాదాల గట్టిదనాన్నీ ఆకలినీ స్వభావాన్నీ చూసి పెంచుతూ వచ్చారు. ఇరవై, ఇరవై ఐదు కిలోలకు మించని సన్నటి శరీరం. పుట్టిన వారం నుంచే కొత్త మనుషుల చేతుల్లో పెరుగుతాయి. కాపలా కుక్క బుద్ధి వాటికి అలవాటు చేయరు. మన సందులో నిన్ను కరిచిన కుక్క తన చోటును కాపాడుకుంటూ కరిచింది. వీటికి కాపాడుకోవాల్సిన చోటంటూ లేదు, వీటి ధ్యాసంతా ముందున్న దారి మీదే.

ఇన్నేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పినదాన్ని కదా, నాకు అక్కడ మంచు కంటే ఆ శరీరాలే ఎక్కువ అబ్బురమనిపించాయి. మంచులో బూట్లు లేకుండా ఆ పాదాలు ఎలా గడ్డకట్టవు? పాదంలోకి వెళ్ళే వెచ్చని రక్తనాళాల్ని ఆనుకునే, పాదం నుంచి తిరిగొచ్చే చల్లని రక్తనాళాలు ఉంటాయి. దిగే రక్తం ఎక్కే రక్తానికి తన వేడిని అందిస్తుంది. కాబట్టి పాదం చల్లగా ఉన్నా గడ్డకట్టదు, ఒంట్లో వేడీ పోదు. పడుకున్నప్పుడు ముక్కు మీదికి తోక కప్పుకుంటాయి. దాహమేస్తే పరుగు ఆపకుండానే పక్కనున్న మంచును నోటితో అందుకుంటాయి. ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ డేవిస్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి వీటిని పరిశోధించాడు. రోజుల తరబడి సాగే పందేల్లో మొదటి ఒకటి రెండు రోజుల తర్వాత వీటి కండరాలు నిల్వ చక్కెరను కరిగించుకోవడం తగ్గిస్తాయి. మనిషైతే రోజురోజుకూ నీరసించిపోతాడు, ఇవి మాత్రం ఆ పనికే అలవాటు పడిపోతాయి. అలాంటి పందెం రోజుల్లో ఒక్కో కుక్క 10,000 కేలరీల దాకా ఖర్చు చేస్తుంది. మేము వెళ్ళిన రోజు మైనస్ ఎనిమిది, నాన్న వణుకుతున్నారు. గైడ్ అమ్మాయేమో "ఇవాళ వీటికి కాస్త వేడిగా ఉంది, నెమ్మదిగా పోనిద్దాం" అంది.

ఇక బండి సంగతి. ఒక స్లెడ్జికి ఇద్దరు. ఒకరు ముందు రగ్గు కప్పుకుని కూర్చుంటారు, ఒకరు వెనక రెండు బద్దల మీద నిలబడి నడుపుతారు. సగం దారిలో మారొచ్చు. ముందుండే జంట లీడ్ కుక్కలు, మాట వినేవి, దారి చూసేవి. బండికి దగ్గరగా ఉండేవి వీల్ కుక్కలు, బలమైనవి. మనం "పద" అనక్కర్లేదు, ఆపడమే మన పని. రెండు బద్దల మధ్య ఒక రబ్బరు చాప ఉంటుంది, దాని మీద కాలు వేస్తే వేగం తగ్గుతుంది. దాని ముందున్న ఇనప పళ్ళ బ్రేకు మీద రెండు కాళ్ళతో బరువంతా వేస్తే ఆగుతుంది. ఆగాక ఇనప లంగరును మంచులో దిగ్గొట్టాలి. ముందున్న బండి ఆగితే నువ్వూ ఆపాలి, లేకపోతే కుక్కలు చిక్కుపడతాయి. మలుపులో లోపలి వైపు ఒంగాలి. ఎత్తు వస్తే ఒక కాలితో నేలను తన్నుతూ వాటికి సాయం చెయ్యాలి, చెయ్యకపోతే వెనక్కి తిరిగి చూస్తాయి, నిజంగానే చూస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఏం జరిగినా బండి పిడి వదలొద్దు. బండి ఒరిగినా, నువ్వు పడినా పట్టుకునే ఉండు. వదిలేస్తే కుక్కలు నువ్వు లేకుండానే వెళ్ళిపోతాయి, ముందు కూర్చున్న మనిషినీ తీసుకుపోతాయి.

లంగరు తీసేదాకా ఆ గోల ఆకాశాన్నంటుతుంది. బండి కదిలిన రెండు మూడు సెకన్లలో మొత్తం ఆగిపోతుంది చిన్నీ. ఒక్క మొరుగు వినిపించదు. మంచు మీద బద్దలు జారే చప్పుడు, పాదాల చప్పుడు, ఊపిర్లు, అంతే. నేను రగ్గు కింద కూర్చుని ఉన్నాను, వదిన వెనక నిలబడింది. నాకు కనిపించేవి ఆరు వీపులూ ఆరు తోకలే. నీ భయానికి అంతకంటే మంచి చోటు ఇంకోటి ఉండదు. కుక్కలు నీకు ముందు, కొన్ని గజాల దూరంలో, నీ వైపు వీపు తిప్పి, వాటి పనిలో అవి ఉంటాయి. ఆ సాయంత్రం గదికి వచ్చాక నిన్ను తల్చుకుని ఏడ్చాను, ఇది నువ్వు చూడకుండా పోతావేమోనని.

వాటిని బలవంతంగా పరిగెత్తిస్తున్నారా అని మీ ఫ్రెండ్ అడిగిందన్నావు. అడగాల్సిన ప్రశ్నే, కానీ నేను అవునని అనను. సైబీరియాకు ఉత్తరాన జోఖోవ్ అనే దీవిలో సుమారు 9,500 ఏళ్ళ కిందటి కుక్కల ఎముకలు, స్లెడ్జి భాగాలు దొరికాయి. 2020లో అక్కడి ఒక కుక్క జన్యువుల్ని పరిశీలిస్తే ఇప్పటి గ్రీన్‌లాండ్ స్లెడ్జి కుక్కలకు దగ్గర చుట్టమని తేలింది. అంత పాత అలవాటును ఒక్క కొరడా నిలబెట్టలేదు. నేను అక్కడ కొరడా చూడలేదు కూడా.

అయితే మనుషులు వాటికి చేసిన అన్యాయం నిజమే. నార్వే సాహసయాత్రికుడు అముండ్‌సెన్ 1911లో దక్షిణ ధ్రువానికి 52 కుక్కలతో బయల్దేరి 11 కుక్కలతో తిరిగొచ్చాడు. దారిలో వాటిని చంపి మిగతా వాటికీ మనుషులకూ తిండిగా పెట్టడం ముందే వేసుకున్న లెక్క. ట్రోమ్సోలో అతని విగ్రహం చూస్తావు, అప్పుడు ఆ కుక్కల్ని కూడా గుర్తు చేసుకో. అంత వెనక్కి వెళ్ళక్కర్లేదు, కెనడాలోని విస్లర్ దగ్గర 2010 శీతాకాల ఒలింపిక్స్ అయిపోయాక, గిరాకీ తగ్గిందని పదుల కొద్దీ స్లెడ్జి కుక్కల్ని చంపి పాతిపెట్టారు. అది బయటపడ్డాకే అక్కడి చట్టాలు మారాయి. అందుకని బుక్ చేసే ముందు మీరే ఒక మెయిల్ పెట్టండి. ముసలి కుక్కలు ఏమవుతాయి, వారానికి ఎన్ని రోజులు విశ్రాంతి, గొలుసు విప్పి ఎప్పుడు వదులుతారు, వేసవిలో ఏం చేస్తారు? సూటిగా జవాబు ఇచ్చే చోటికే వెళ్ళండి, డబ్బు ఎక్కువైనా సరే, తక్కువ పడితే నేను పంపుతాను. ఆ గొలుసులు నా మనసుకు పట్టలేదు, ఇప్పటికీ పట్టవు. మేము వెళ్ళిన చోట ముసలి కుక్క ఒకటి గైడ్ ఇంట్లో పొయ్యి పక్కన పడుకుని ఉంది కాబట్టి కొంత కుదుటపడ్డాను.

ఇంకో మాట, ఇదంతా అక్కడి సామీ ప్రజల సంప్రదాయం అని ఎవరైనా చెప్తే నమ్మకు. సామీలు బండి కట్టింది రెయిన్‌డీర్‌కు, కుక్కల్ని మందలు కాయడానికి పెంచుకున్నారు. టూరిస్టుల కోసం హస్కీల బండ్లు ఆ ప్రాంతానికి వచ్చి కొన్ని దశాబ్దాలే అయింది. కానీ ఆ ప్రాంతం వాడే ఒకడు కుక్కల బండితో ప్రపంచానికి తెలిశాడు. లియొనార్డ్ సెపాలా, 1877లో ట్రోమ్సోకు తూర్పున సముద్రపు పాయ ఒడ్డున స్కిబోట్న్‌లో పుట్టాడు, బంగారం కోసం అలాస్కా చేరాడు. 1925 జనవరిలో అక్కడి నోమ్ ఊళ్ళో పిల్లలకు కంఠసర్పి, అంటే డిఫ్తీరియా సోకింది. సముద్రం గడ్డకట్టింది, విమానం ఎగరలేదు. 20 మంది, దాదాపు 150 కుక్కలు వంతులు మార్చుకుంటూ 1,085 కిలోమీటర్లు మందును ఐదున్నర రోజుల్లో చేర్చారు. అందరికంటే ఎక్కువ దూరం సెపాలాది, అతని లీడ్ కుక్క టోగోది. అప్పటికి టోగోకు పన్నెండేళ్ళు. నీకు చిన్నప్పుడు వేయించిన డీపీటీ టీకాలో మొదటి అక్షరం ఆ జబ్బుదే. ఈ కథ గైడ్ చెప్తున్నప్పుడు నా పక్కనున్న కుక్క మెడ మీద చెయ్యి వేశాను.

బట్టల సంగతి జాగ్రత్తగా విను. లోపల కాటన్ వేసుకోకు, చెమట పట్టాక అది ఆరదు, ఒళ్ళంతా చల్లబడిపోతుంది. జీన్స్ అసలు వద్దు. ఒంటికి అంటుకునే ఉన్ని లోదుస్తులు, దాని మీద ఒక ఫ్లీస్, పైన వాళ్ళిచ్చే థర్మల్ సూటు. రెండు జతల సాక్సులు బిగుతుగా ఎక్కించకు, వేళ్ళకు రక్తం ఆడదు. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే వేళ్ళన్నీ ఒకే చోట ఉండేవి మేలు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, బయట పెడితే చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. కళ్ళజోడు ఆవిరి పడుతుంది, ఆ రోజుకు లెన్సులు వాడు. మధ్యాహ్నం గుడారంలో పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి సాధారణంగా రెయిన్‌డీర్ మాంసం పులుసు పెడతారు, శాకాహారం కావాలని ముందే రాస్తే కూరగాయల సూప్ ఇస్తారు.

బస్సు దిగగానే గైడ్‌ను పక్కకు పిలిచి "నాకు కుక్కలంటే భయం, చిన్నప్పుడు కరిచింది" అని చెప్పు. సిగ్గుపడకు. వాళ్ళకు ఇలాంటివాళ్ళు రోజూ వస్తారు. హార్నెస్‌లు కట్టేటప్పుడు దూరంగా నిలబడు, ముందు సగం కూర్చునే వెళ్ళు. తిరిగొచ్చాక పరుగు తీరి అవి మెత్తబడి ఉంటాయి, అప్పుడు ఒక్కదాని దగ్గరికి వెళ్ళి చూడు. ముఖం మీదికి వంగకుండా పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి కిందినుంచి చాపు. చాపలేకపోతే మానెయ్, ఏం ఫరవాలేదు, బండి ఎక్కితే చాలు నాకు.

ఉన్ని సాక్సులు రెండు జతలు, నాన్న టోపీ ఈ వారం కొరియర్ చేస్తున్నాను. తేదీ ఖాయమవగానే చెప్పు. ఆ రోజు సాయంత్రం నువ్వు ఫోన్ చేసేదాకా నేను పడుకోను.

ప్రేమతో,
అమ్మ