గింజల లెక్క చివర సున్నాలు రావు

సంపాదకులకు,

చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అంటూ గింజలు రెట్టింపు చేసుకుపోయే కథ పిల్లల పేజీల్లో తరచూ కనిపిస్తుంది. కథ బాగానే ఉంటుంది, మొత్తం దగ్గరే బోల్తా పడుతుంది. 18446744073709552000 అని అచ్చువేస్తారు. మొదటి గడిలో ఒక్క గింజ, మిగతా 63 గళ్లలోనూ సరిసంఖ్యలే. కూడితే బేసి సంఖ్య రావాలి కదా, చివర సున్నా ఎలా వస్తుంది?

సరైన మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. బ్రౌజర్‌లో లెక్కకట్టే కాలిక్యులేటర్లు చాలావరకు 53 బిట్ల (0, 1 అంకెలతో రాస్తే 53 స్థానాల) కచ్చితత్వంతోనే పనిచేస్తాయి. పదహారు అంకెలు దాటితే నమ్మలేం. ఎక్సెల్ అయితే పదిహేను దగ్గరే ఆగి, మిగతావి సున్నాలతో నింపేస్తుంది. ఏ గడి దాకా కూడినా మొత్తం తర్వాతి గడి గింజలకు ఒకటే తక్కువ, కాబట్టి 65వ గడి ఉందనుకుని దాని లెక్క కడితే చాలు. కాగితం మీదైతే అందుకు 64 సార్లు రెట్టించనక్కర్లేదు. 2ను వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65536, 4294967296 వస్తాయి. ఇంకొక్కసారి వర్గం చేసి, ఒకటి తీసేస్తే సరి.

తెలుగులో గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన పేర చెప్పే చంపకమాలలో ఈ ఇరవై అంకెలూ, ఒక్కో అంకెకు ఒక్కో మాటగా, ఉన్నాయి: ‘శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు’. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. శర అంటే మన్మథుడి బాణాలు, 5. శశి 1. పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, 4. తడబడేది సంధుల దగ్గర. ‘వియన్నగాగ్ని’ ఒక మాట కాదు, వియత్ 0, నగ 7, అగ్ని 3. ఇక సముద్రాలు ఏడు కదా అని అబ్ధికీ పయోనిధికీ 7 వేస్తే లెక్క చెడుతుంది. ఇక్కడ రెండూ 4 మాత్రమే.

అచ్చుకు ముందు సరిచూడటం రెండు నిమిషాల పని. అంకెలన్నీ కూడితే 87 రావాలి, 9తో భాగిస్తే శేషం 6. సున్నాల సంఖ్యలో మొత్తం 76, శేషం 4, దొరికిపోయింది. సముద్రాలకు ఏడేసి వేసినా 93 వచ్చి దొరుకుతుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం ఈ పరీక్షకు చిక్కవు, మొత్తం మారదు కాబట్టి. అప్పుడు పద్యం వరుసలోనే ఒక అంకె కలిపి, తర్వాతి అంకె తీసేస్తూ పోవాలి: 5−1+6−1+5−5... చివరికి 37, 11తో భాగిస్తే శేషం 4. ‘వేద గిరి’ని తిరగేసి రాస్తే 31 వస్తుంది, శేషం 9.

పేజీలో చోటు మిగిలితే ఈ మొత్తానికి కారణాంకాలు కూడా వేయండి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీటిలో 641కి చరిత్ర ఉంది. పైన వర్గాల్లో వచ్చిన 4294967296కు ఒకటి కలిపితే 4294967297. అది ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా అనుకున్నాడు. అది 641 × 6700417 అని తర్వాత మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు.

— ఒక లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి