ఇకపై కానిస్టర్ ఫిల్టర్ ఇచ్చే ముందు మేం అడిగే ప్రశ్నలు

అక్వేరియం కోసం కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ కింద పెట్టి, పైపులతో నీళ్లు లాగి శుభ్రం చేసి తిరిగి పంపే మూత బిగించిన డబ్బా) కొనడానికి మా షాపుకు వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది, "అన్నిటికన్నా పవర్ ఎక్కువ ఉన్నది ఏది?" అని. ఆ ప్రశ్నకు బాక్సు మీది అంకె చూపించి అమ్మడం మేం ఆపేస్తున్నాం. ఇకపై ముందు మీ ట్యాంక్ కొలతలు, అందులో ఉన్న చేపలు, ట్యాంక్ కింద ఎంత ఖాళీ ఉందో అడుగుతాం. కొందరికి అసలు కానిస్టర్ అక్కర్లేదని చెబుతాం. దీనివల్ల అమ్మకాలు కొంత తగ్గుతాయని తెలుసు. కానీ ఖరీదైన ఫిల్టర్ పెట్టాక కూడా చేపలు పోయాయని ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడటం మాకు చాలా కష్టంగా ఉంటోంది.

బాక్సు మీద గంటకు 1200 లీటర్లు అని రాసి ఉందనుకోండి. చాలావరకు అది లోపల మీడియా (నీటిని వడకట్టే స్పాంజ్‌లు, రింగ్స్ లాంటివి) ఏమీ పెట్టకుండా పంపు ఒక్కటే తోసే నీటి లెక్క. స్పాంజ్‌లు, సెరామిక్ రింగ్స్ నింపి, పైపులు బిగించి, కొన్ని వారాల మురికి పట్టాక అంత నీరు రాదు. మీ ఫిల్టర్ నిజంగా ఎంత ఇస్తోందో ఇంట్లోనే చూసుకోవచ్చు. నీళ్లు బయటికొచ్చే పైపు చివరను ట్యాంక్‌లోని నీటి మట్టానికి దగ్గరగా పట్టుకుని బకెట్‌లోకి వదలండి. 10 లీటర్లు నిండటానికి 1 నిమిషం పడితే గంటకు 600 లీటర్లన్నమాట. బకెట్ నేల మీద పెట్టి పైపును కిందికి దించితే మాత్రం సైఫన్ (నీరు పైపు గుండా తనంతట తానే కిందికి లాగబడటం) కూడా తోడై నీళ్లు ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తాయి. అందుకని బకెట్‌ను ఎత్తు మీద పెట్టి కొలవాలి.

స్టాండ్ ఎత్తు గురించి కూడా చాలామంది టెన్షన్ పడుతుంటారు, పంపు అంత పైకి నీళ్లు ఎక్కించలేదేమోనని. పైపుల నిండా నీళ్లున్నప్పుడు ట్యాంక్‌లోంచి దిగే నీటి ఒత్తిడి, పైకి ఎక్కే నీటి బరువును చాలావరకు సరిచేస్తుంది. ప్రవాహాన్ని నిజంగా తగ్గించేవి పొడవాటి పైపు, దానిలోని మెలికలు, మురికి పట్టిన స్పాంజ్. కాబట్టి అవసరమైనంత పైపు ఉంచుకుని మిగిలినది కోసేయండి. ఫిల్టర్ మాత్రం నీటి మట్టానికి కిందే ఉండాలి, లేదంటే సైఫన్ అందుకోదు.

సైజు విషయంలో, ట్యాంక్‌లోని నీరు గంటకు 4 నుంచి 6 సార్లు తిరిగేలా రేటింగ్ (బాక్సు మీది లీటర్ల అంకె) చూసుకోవడం మామూలుగా పాటించే లెక్క. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంక్‌లో సుమారు 255 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే దాదాపు 210 మిగులుతాయి. గోల్డ్‌ఫిష్‌లు, పెద్ద సిక్లిడ్‌ జాతి చేపలు వ్యర్థాలు ఎక్కువ వదులుతాయి కనుక వాటికి పెద్ద ఫిల్టర్ చూడాలి. బెట్టా చేపకు పెద్ద రెక్కలు, వేగంగా పారే నీళ్లలో అది అలసిపోతుంది.

నన్నడిగితే, లీటర్ల అంకె కన్నా డబ్బా లోపలి జాగా చూడండి. రెండు ఫిల్టర్ల రేటింగ్ ఒకటే అయినా, మీడియా ఎక్కువ పట్టేదే మంచిది. నీళ్లు తేటగా కనిపించడం ఫిల్టర్ చేసే పనిలో చిన్న భాగం మాత్రమే. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. మీడియా మీద పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం. నైట్రేట్ ప్రమాదం వాటికన్నా చాలా తక్కువ, నీళ్లు మార్చినప్పుడు అదీ తగ్గుతుంది. ఇంత పని చేసే బ్యాక్టీరియాకు నిలబడటానికి చోటు, పీల్చడానికి ఆక్సిజన్ కావాలి.

అందుకే మీడియా పేర్చే వరుస ముఖ్యం. నీళ్లు లోపలికి వచ్చే వైపు ముతక స్పాంజ్, తర్వాత సన్న స్పాంజ్ లేదా దూది, ఆఖరున సెరామిక్ రింగ్స్. రింగ్స్ ముందుంటే వాటి రంధ్రాలు మురికితో మూసుకుపోతాయి. చాలా మోడళ్లలో నీరు కింది నుంచి పైకి వెళుతుంది, కొన్నిటిలో ఇంకోలా, కాబట్టి మీ మోడల్ బొమ్మ చూసి పేర్చండి. యాక్టివేటెడ్ కార్బన్ ఎప్పుడూ ఉండాల్సిన పని లేదు. మందు వాడాక నీళ్లలో మిగిలింది తీయడానికి, చెక్క దుంగలు వదిలే గోధుమ రంగు పోవడానికి పనికొస్తుంది. కొన్ని వారాలకు దాని శక్తి అయిపోతుంది. ఇక కడిగేటప్పుడు క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు వద్దు. ట్యాంక్ నుంచి తీసిన నీళ్లలోనే స్పాంజ్‌లు పిండండి, రింగ్స్‌ను ఊరికే జాడించండి. అన్నీ ఒకే రోజు కడగొద్దు.

చిన్న ట్యాంక్‌లకు, అంటే 50 లీటర్ల లోపు వాటికి, ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరే చాలు. రొయ్యలు, చేపపిల్లలు ఉన్నవాళ్లకైతే అదే మేలు. కానిస్టర్ పెట్టే తీరాలనుకుంటే అవి లోపలికి లాగబడకుండా నీళ్లు లాగే గొట్టానికి స్పాంజ్ తొడగండి.

కరెంటు తరచూ పోయే ఇళ్లవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. కానిస్టర్ మూత బిగిసి ఉంటుంది, లోపలికి గాలి వెళ్లదు. నీళ్లు ఆగితే ఆ కాస్త ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. కొన్ని గంటలు ఆగిపోయిన ఫిల్టర్‌ను అలాగే ఆన్ చేస్తే ఆ కుళ్లు నీరంతా ట్యాంక్‌లోకి వస్తుంది. ముందు డబ్బాలోని నీళ్లు పారబోసి, మీడియాను ట్యాంక్ నీళ్లలో జాడించి, అప్పుడు నడపండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే చేపలకు ప్రాణం నిలుస్తుంది.

మా వైపు నుంచి ఇంకో మార్పు: ఓ-రింగ్ (మూత దగ్గర నీరు కారకుండా ఆపే రబ్బరు రింగు), ఇంపెల్లర్ (పంపులో తిరుగుతూ నీటిని తోసే చక్రం), దాని సెరామిక్ షాఫ్ట్ విడిగా దొరకని మోడళ్లను ఇక తెప్పించం. కానిస్టర్లలో ముందుగా అరిగేవి, విరిగేవి ఇవే. నాలుగు పైసల రబ్బరు రింగు దొరక్క మంచి ఫిల్టర్‌ను పారేయాల్సి రావడం నాకు అస్సలు నచ్చదు. రింగుకు అప్పుడప్పుడు సిలికాన్ గ్రీజు రాయండి, వాసెలిన్ వద్దు. ప్లగ్ వైర్‌ను సాకెట్ కన్నా కిందికి వేలాడేలా వంచి పెట్టండి, నీటి బొట్టు జారినా సాకెట్‌లోకి పోదు. లోపలే యూవీ లైటు ఉన్నవి అడిగితేనే ఇస్తాం. పచ్చగా మారిన నీళ్లకు అది పనికొస్తుంది కానీ అమ్మోనియాను ఏమీ చేయదు.

పాత ఫిల్టర్ తీసేసి కొత్తది పెట్టాలనుకునేవాళ్లు రెంటినీ కలిపి కనీసం 4 నుంచి 6 వారాలు నడపండి. కుదరకపోతే పాత స్పాంజ్‌నో, రింగ్స్‌నో తడి ఆరకముందే కొత్త డబ్బాలోకి మార్చండి. వచ్చేముందు ట్యాంక్ కొలతలు, చేపల జాబితా, స్టాండ్ లోపలి ఎత్తు రాసుకుని రండి. మూత తెరిచి ట్రేలు పైకి తీయడానికి డబ్బా పైన చోటు ఉండాలి, ఆ ఎత్తు కూడా లెక్కేసుకోండి.