తవిటయ్య అనే నా పేరు గురించి చెప్పిన మీ అందరికీ

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. రెండు నెలల కిందట "తవిటయ్య అనే పేరు ఎక్కడ పుట్టింది, ఎందుకు పెడతారు, ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా" అని మిమ్మల్ని ఏదో మామూలుగా అడిగినట్టు అడిగాను. అప్పటికే నా బ్యాగులో పేరు మార్పు అఫిడవిట్ టైపు చేయించి ఉంది. గెజిట్‌కి పంపడమే తరువాయి. కొత్త పేరు కూడా చూసుకున్నాను, త్రివిక్రమరావు. మొదటి అక్షరం కాస్త కలుస్తుంది కదా అని. నవ్వుకోండి, పర్లేదు.

తొందరంతా మా అమ్మాయి పెళ్లి గురించి. శుభలేఖ ప్రూఫు వచ్చింది. కాబోయే వియ్యంకుడుగారు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఫోన్ చేసి ఎంతో మర్యాదగా "బావగారూ, కార్డులో మీ పూర్తి పేరు వేయిద్దాం, చెప్పండి" అన్నారు. అదే పూర్తి పేరండీ అనడానికి నోరు రాలేదు. రేపు చెప్తానని పెట్టేశాను.

నా పేరులో ఉన్నది తవుడు, బియ్యం దంచితే రాలే పొడి, గొడ్లకి పెట్టేది. ఆ సంగతి నాకు తెలీక కాదు. బడిలో "చిట్టూ తవుడూ" అని వెక్కిరించినవాళ్లు ఆ అర్థం బాగానే నేర్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గుమస్తా "వెంకటయ్య అయ్యుంటుంది, తప్పు రాశారు" అని తనే దిద్దేశాడు. మళ్లీ తవిటయ్యని కావడానికి నాకు ఏడు నెలలు పట్టింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక ఇంగ్లీషు స్పెల్లింగు, బ్యాంకులో ఇంకొకటి, ఆధార్‌లో మూడోది. ఆ గోల వేరే. నాకు తెలియనిదల్లా, కన్న కొడుక్కి ఎవరైనా ఇలాంటి పేరు ఎందుకు పెడతారన్నదే. మా అమ్మ నా పదో ఏట పోయింది. నాన్న ఆ ఊసు ఎత్తేవాడు కాదు. నాయనమ్మ మాత్రం అప్పుడప్పుడు "నిన్ను తవుడుకి కొన్నాంరా" అనేది. ఆటపట్టిస్తోంది అనుకునేవాణ్ణి.

మొదటి దణ్ణం రిటైరైన తెలుగు మాస్టారికి. ఆయన ఫోన్ చేసి అరగంట వ్యాకరణం చెప్పారు, నాకు విసుగు రాలేదు! పెరడు అన్న మాట పెరటి అయినట్టే తవుడు తవిటి అవుతుందట. పెరటి చెట్టు, తవిటి ముద్ద. ఆ తవిటికి అయ్య చేరితే తవిటయ్య, నాయుడు చేరితే తవిటినాయుడు, అమ్మ చేరితే తవిటమ్మ. ఇలా మారే రూపాలను ఔపవిభక్తికాలు అంటారని, 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి వీటి సంగతి చెప్పాడని వివరించారు. "మీ పేరు ఎవరో నోరు తిరగక పాడుచేసిన మాట కాదండీ, సూత్రానికి సరిగ్గా నిలబడే తెలుగు మాట" అన్నారు. ఇన్నేళ్లలో నా పేరు గురించి ఒకరు మంచిమాట అనడం అదే మొదటిసారి.

మా ఆఫీసులో కేరళ ఆవిడ ఒకరున్నారు. ఆవిడకి విషయం చెప్పగానే పడీ పడీ నవ్వారు. వాళ్ల ఇళ్లలో అల్లరి పిల్లల్ని ఏడిపించడానికి "నువ్వు మా కడుపున పుట్టలేదు, తవుడిచ్చి కొనుక్కున్నాం" అంటారట. మలయాళంలో కూడా తవుడు అంటే తవిడే, గోధుమరంగుని తవిట్టు నిరం అంటారు. తమిళంలోనూ ఇదే మాట, ఇదే వేళాకోళం. మూడు భాషల్లో తల్లులు ఒకే అబద్ధం ఆడుతున్నారంటే అది ఎప్పుడో ఒకప్పుడు నిజమై ఉండాలి కదా అని నాకు అప్పుడే అనుమానం తగిలింది.

ఆ తర్వాత మీరంతా రాసినవి చదువుతుంటే నాకు నాలాంటి పెద్ద కుటుంబమే దొరికింది. పుట్టిన బిడ్డలు దక్కని ఇళ్లలో, విలువలేనివాడిలా కనిపిస్తే వీడైనా దక్కుతాడని, తర్వాత పుట్టినవాణ్ణి పెంట మీద పడుకోబెట్టి తీసి పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తళ్లలో, అంటే పుల్లాకుల్లో దొర్లించి పుల్లయ్య అన్నారు. భిక్షమెత్తి తెచ్చుకున్నట్టు భిక్షమయ్య అన్నారు. అనంతపురం ఆయన ఒకరు తమ వైపు తిప్పయ్య, తిప్పేస్వామి ఉన్నాయని గుర్తుచేశారు, అక్కడ తిప్ప అంటే చెత్తకుప్పే. తమిళనాడు కుప్పుస్వామి, పిచ్చై కూడా ఈ బాపతేనట. కుప్పై అంటే చెత్త, పిచ్చై అంటే భిక్ష. పుల్లయ్య పేరు చూసి ఒక పెద్దావిడ రాసింది నాకు భలే నచ్చింది. తెలుగు సినిమా తొలినాళ్లలో ఇద్దరు పెద్ద దర్శకులు పుల్లయ్యలే, సి. పుల్లయ్య, పి. పుల్లయ్య. 1934లో లవకుశ తీసింది మొదటాయన. ఎంగిలాకు పేరు వెండితెర మీద అంతంత అక్షరాల్లో పడింది, ఎవరూ ముక్కు మూసుకోలేదు అన్నారావిడ.

ఒక్క దగ్గర మాత్రం నేను ఒప్పుకోను, ఏమీ అనుకోవద్దు. నూకరాజు, నూకయ్య కూడా ఈ కోవలోవే, నూకలిచ్చి కొన్నారు అని ఇద్దరు ముగ్గురు గట్టిగా వాదించారు. మా వైపు నూకరాజులు అనకాపల్లి నూకాలమ్మ పేరున పుట్టినవాళ్లు. అది అమ్మవారి మొక్కు. దాన్ని మా తవుడులో కలపకండి.

ఇక ఏఎన్‌ఎంగా, అంటే ఊళ్లలో పురుళ్లూ టీకాలూ చూసే నర్సుగా, ముప్ఫై ఏళ్లు చేసిన ఒకావిడ. "మీకు ముందు ఎంతమంది పోయారు?" అని ఆవిడ సూటిగా అడిగింది. ఇద్దరు. అన్నయ్య ఒకడు, అక్క ఒకతె, ఇద్దరూ పురుడు వెళ్లకుండానే. ఒంట్లో బిగుసుకుపోయి పాలు పట్టడం మానేశారని నాయనమ్మ అనడం గుర్తుంది. అది చెప్పగానే ఆవిడ, ధనుర్వాతం అయ్యుంటుందండీ, బొడ్డు కొడవలితో కోసే రోజులు అంది. నేను పుట్టింది 1976. మన దేశంలో విస్తృత టీకాల కార్యక్రమం (ఈపీఐ) మొదలైంది 1978లో. బాలింతలకూ పసిబిడ్డలకూ వచ్చే ధనుర్వాతాన్ని దేశం నుంచి తొలగించగలిగామని ప్రకటించేసరికి 2015 వచ్చింది. 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదట, 2020కి అది 28 అయింది. మా బడిలో ఒకప్పుడు పెద్ద తవిటయ్య, నల్ల తవిటయ్య, నేను, ముగ్గురం ఉండేవాళ్లం. ఇప్పుడు అదే బడి హాజరుపట్టీలో ఒక్కడూ లేడు. ఈ పేరు ఫ్యాషన్ పోయి పోలేదు, అవసరం పోయి పోయింది. పోయినందుకు నాకు సంతోషమే.

ఇప్పుడు అసలు మనిషి. నాగావళి నది అవతలి ఊరి పిల్ల ఒకతె నా ప్రశ్న చదివి, మా ఊరి పేరు చూసి, "మా నాయనమ్మ ఎవరో గుంటడిని తవుడుకి అమ్మానని చెప్తూ ఉంటుంది, మీరే ఏమో" అని రాసింది. గుంటడంటే మా వైపు మగపిల్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. శనివారం బస్సెక్కాను.

ఆవిడకి ఎనభై దాటాయి. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను ఊరి పేరు, అమ్మ పేరు చెప్పాను. చేతిలో పని ఆపలేదు, తలెత్తి చూసింది.

"ఓలమ్మో, నువ్వా! తవిటిగుంటడివి!"

కూర్చోబెట్టి మొత్తం చెప్పింది. అప్పట్లో మా పక్కింట్లో ఉండేదట. "పురిటింట్లోంచి నిన్ను సేటలో ఎట్టి గుమ్మం బయటికి తోసినారు. నాను తీసుకున్నాను. ఈ గుంటడు నాది అని గట్టిగా అన్నాను, నలుగురికీ ఇనిపించేలాగ. మీయమ్మ లోపల్నుంచి, నాకు అమ్ముతావేటి అనడిగింది. సేటడు తవుడిస్తే అమ్ముతానన్నాను. అదే సేటలో తవుడు పోసి ఇచ్చి, నిన్ను పుచ్చుకుంది."

"తవుడే ఎందుకమ్మా, డబ్బులు అడగొచ్చు కదా?"

"డబ్బులిస్తే ఇలువైన గుంటడని తెలిసిపోదేటి?" అని వేలు పైకి చూపించింది. ఎవరికి తెలిసిపోతుందో నోటితో అనలేదు. నలభై తొమ్మిదేళ్ల తర్వాత కూడా గొంతు తగ్గించే చెప్పింది.

లోపలికి వెళ్లి ఒక చేట తెచ్చింది. ఆ చేట కాదులెండి, వెదురు చేట అన్నేళ్లు ఉంటుందా. కానీ ఎంత పొడవున్నానో అందులో చెయ్యి పెట్టి కొలిచి చూపించింది, మోచెయ్యికి కొంచెం ఎక్కువ. మా అమ్మ ఏడ్చిందా అని అడిగాను. బేరం ఆడేటప్పుడు ఏడవలేదట. ఏడిస్తే అబద్ధమని తెలిసిపోతుందని పళ్లు బిగబట్టుకుందట. నిన్ను లోపలికి తీసుకున్నాక ఏడ్చింది, ఈదిలోకి ఇనిపించింది అంది.

అమ్మ గొంతు నాకు సరిగ్గా గుర్తులేదు. ఆ "నాకు అమ్ముతావేటి" అన్న మాట ఒక్కటి ఇప్పుడు నా దగ్గరుంది. అది ఇప్పించిన ఆ పిల్లకి, ఆవిడ నాయనమ్మకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

తిరిగొచ్చిన రోజు రాత్రే వియ్యంకుడుగారికి ఫోన్ చేసి కథంతా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా నాన్నగారి పేరు మస్తానయ్య అండీ, దర్గాలో మొక్కుకుంటే పుట్టారు, నేను కూడా ఎవరికీ చెప్పను" అన్నారు. శుభలేఖలు ఆదివారం అచ్చయి వచ్చాయి. తవిటయ్య గారి ఏకైక కుమార్తె అని ఉంది. అఫిడవిట్‌కి పెట్టిన స్టాంపు కాగితం డబ్బులు దండగ, అంతే. ఇంగ్లీషు స్పెల్లింగు మూడు చోట్లా ఒకటి చేయించుకోవడానికి మాత్రం దారి చెప్పిన వకీలుగారూ, మీ లిస్టు ప్రకారమే వెళ్తున్నాను, ఆధార్ అయింది, బ్యాంకు మిగిలింది.

పెళ్లికి అందరికన్నా ముందు కార్డు ఆవిడకే ఇవ్వాలని మళ్లీ వెళ్తున్నాను. చీర తెస్తానని మనవరాలితో చెప్పిస్తే, చీరలు చాలా ఉన్నాయి, గేదె ఈనింది, తవుడు తెమ్మను అని కబురు పెట్టింది. బస్తా కొని ఉంచాను. ఆ ఊరి బస్సులో బస్తా ఎక్కించుకుంటారా, ఆటో మాట్లాడుకోవాలా, అటువైపు వాళ్లెవరైనా చెప్తే ఈ ఒక్క సాయం కూడా మీ ఖాతాలోనే రాసుకుంటాను.