సైన్స్ వ్యాఖ్యాతల సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది మనం దిద్దుకున్నవి

సభ్యులందరికీ నమస్కారం.

ఎన్ని ప్రదర్శనలు ఇచ్చాం, ఎక్కడెక్కడ ఇచ్చాం అనే జాబితాతో ఈ నివేదిక మొదలుపెట్టడం మనకు అలవాటు. ఆ జాబితా ఈసారీ ఉంది, హాజరు పుస్తకంలో. కావలసినవాళ్లు చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం మనం ఎక్కడ తప్పు చెప్పాం, ఏం మార్చుకున్నాం అన్నది రాస్తున్నాను. కార్యవర్గం మొదట కాస్త నసిగింది, తర్వాత సరేనంది.

ముందుగా కొవ్వొత్తి సంగతి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. “మంట ఆక్సిజన్‌ను వాడేసింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి. గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు కదా, అందుకే నీళ్లూ ఐదో వంతు ఎక్కాయి” అని ఏళ్ల తరబడి చెప్తూ వచ్చాం. వినడానికి చక్కగా అతికినట్టు ఉంటుంది. పెద్దవాళ్లు తలలూపేవారు కూడా.

ఒక ప్రదర్శనలో ఒక పాప లేచి, “మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు, ఆరిపోయాకే గబగబా ఎక్కాయి. ఆక్సిజన్ అంతకుముందే అయిపోవాలి కదా?” అని అడిగింది. చెప్తున్నది నేనే. నోట మాట రాలేదు.

ఆ వారం నలుగురం కూర్చుని మళ్లీ చేసి చూశాం. గ్లాసు మంట మీదికి వచ్చేసరికే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. కొంత గాలి అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి తోస్తుంది. ఆక్సిజన్ పోయిన చోట కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. ఆ ఆవిరి గాజుకు తగిలి నీరవుతుంది కాబట్టి దాని వంతు కొంత ఉంటుంది. కానీ అసలు పని చేసేది వేడి. పైగా ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. అనుమానం ఉన్నవాళ్లు అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి చూడండి. లోపలి ఆక్సిజన్ అంతే, నీళ్లు మాత్రం ఇంకా పైకి ఎక్కుతాయి.

ఇంగ్లండ్ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860 చివర్లో మొదలుపెట్టి పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆర్పిన వెంటనే వత్తి నుంచి లేచే తెల్లటి పొగకు కాస్త దూరంలో నిప్పు చూపిస్తే, మంట ఆ పొగ వెంట పాకి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. ఆయన చూపించిన ఆ ప్రయోగాన్ని మనమూ చేస్తున్నాం. కాలేది గట్టి మైనం కాదు, దాని ఆవిరి అని అక్కడ నోటితో చెప్పాల్సిన పనే లేదు. కళ్లముందే కనిపిస్తుంది. గ్లాసు ప్రయోగంలో మనం చేసింది దీనికి తలకిందులు: ముందు జవాబు చెప్పేసి, కనిపించినదాన్ని దానికి అతికించాం.

అందుకని మన డెమో కాగితాలన్నీ మళ్లీ తిరగేశాం. విమానం ఎలా ఎగురుతుందో చెప్పే కాగితంలో, రెక్క పైనుంచి, కిందనుంచి వెళ్లే గాలి చివర ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి పై గాలి వేగంగా పోతుందన్న వివరణను కొట్టేశాం. అలా కలుసుకోవాలన్న నియమం ఏదీ లేదు. ఎండాకాలం, చలికాలం గురించిన కాగితంలో తప్పు లేదు కానీ ఒక వాక్యం చేర్చాం: భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలై మొదట్లో అది 15.2 కోట్లు. ఈ రెండు అంకెలు చెప్పి ఊరుకుంటే చాలు, “దగ్గరైతే వేడి, దూరమైతే చలి” అనుకుంటున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆలోచనలో పడతారు. భూమి అక్షం 23.5 డిగ్రీల వంపు గురించి ఆ తర్వాత చెప్తే చెవికెక్కుతుంది.

ఈ ఏడాది బాగా పండింది చంద్రుడి ఆట. 30 సెంటీమీటర్ల బంతిని భూమి అనుకోమని, 8 సెంటీమీటర్ల బంతిని చేతికిచ్చి, చంద్రుణ్ణి ఎంత దూరంలో నిలబెడతారో చూపించమంటాం. దాదాపు అందరూ ఒకటి రెండు అడుగుల్లో ఆగిపోతారు. చిత్రాల్లో చూసింది అదే కదా. నిజానికి తొమ్మిది మీటర్లు నడవాలి, అంటే భూమి లాంటి బంతులు ముప్ఫై వరసగా పేర్చినంత. తలుపు దాటి వసారాలోకి వెళ్లాక వెనక్కి తిరిగి చూసే ఆ ముఖాలు చూడాలి! అక్కడ నిలబడ్డవాళ్లకు గ్రహణం నెలనెలా ఎందుకు రాదో సగం అర్థమైపోయినట్టే. చంద్రుడి కక్ష్య ఐదు డిగ్రీల చిల్లర వాలి ఉంటుందని చెబితే, అంత దూరాన ఆ కాస్త వంపు చాలు నీడ తప్పిపోవడానికి అని వాళ్లే అంటున్నారు.

ఇక శిక్షణ. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతి గదులను గమనించి ఒక సంగతి తేల్చారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను మాత్రమే. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. మనం ఎంతసేపు ఆగుతున్నామో చూద్దామని ఒకరి ప్రదర్శన ఇంకొకరం రికార్డు చేశాం. నా రికార్డింగు వింటే సిగ్గేసింది. “ఎందుకంటారు?” అని అడిగి, ఊపిరి తీసుకోకుండానే జవాబు నేనే చెప్పేస్తున్నాను.

మూడు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది. యాభై మంది ముందు నిలబడి మౌనంగా ఉండి చూడండి, టెన్షన్‌తో అరచేతులు చెమర్చుతాయి. బూట్లలో కాలివేళ్లు ఒకటొకటిగా నొక్కుతూ లెక్కపెట్టుకోవడం ఒక సభ్యురాలు కనిపెట్టిన చిట్కా. ఇప్పుడు సగం మందిమి అదే చేస్తున్నాం.

లిక్విడ్ నైట్రోజన్ దగ్గర ఒక పొరపాటు జరిగింది, దాచడం మంచిది కాదు. ఒక సభ్యుడు ఉన్ని గ్లవ్స్ వేసుకుని పోస్తుంటే చిందింది. మైనస్ 196 డిగ్రీల ద్రవం ఉన్నిలోకి ఇంకి చర్మాన్ని అంటిపెట్టుకుంది. రెండు వేళ్లకు బొబ్బలెక్కాయి, ఇప్పుడు పూర్తిగా తగ్గింది. వట్టి చర్మం మీద ఓ చుక్క పడితే ఆవిరి పొర మీద జారిపోయే అవకాశం ఉంది కానీ, బట్ట పీల్చుకుంటే వదలదు. ఇకమీదట వదులుగా ఉండి, విదిలిస్తే ఊడిపోయే క్రయోజెనిక్ గ్లవ్స్, ముఖానికి అడ్డు లేకుండా ఎవరూ డబ్బా ముట్టుకోరు. లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువై, గదిలోని గాలిని నెట్టేసి ఊపిరాడకుండా చేయగలదు కనుక కిటికీలు తెరుచుకోని గదిలో ఈ డెమో చేయం, లిఫ్టులో డబ్బాతో పాటు మనిషి ఎక్కకూడదు. ఒక నిర్వాహకుడు “చిన్న గదే, ఐదు నిమిషాలే” అని బతిమాలాడు. ఒప్పుకోలేదు. మనల్ని మళ్లీ పిలవలేదు, ఫరవాలేదు.

కొత్త సభ్యుల్లో కొందరు “మేం సైన్స్ చదవలేదు, మాకెందుకు” అని వెనకాడుతున్నారు. ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్స్ మ్యూజియం తెరిచినప్పుడు సందర్శకులకు వివరించే పని హైస్కూలు పిల్లలకే అప్పగించాడు. వాళ్లకూ అన్నీ తెలియవు. “నాకు తెలియదు, రండి చూద్దాం” అనగలిగితే చాలు. దీన్ని నేను పాతికేళ్లు ఆలస్యంగా నేర్చుకున్నాను, ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ మధ్యమధ్యలో ఏదో ఒకటి కల్పించబోయి నాలుక కరుచుకుంటున్నాను.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సర్వసభ్య సమావేశంలో చదువుతారు. వచ్చే ఏడాది చూపు లేనివాళ్ల కోసం చేత్తో తడిమి చూసే నమూనాలు చేయాలని అనుకున్నాం. చంద్రకళల నమూనా సగం పూర్తయింది, చీకటి భాగానికి గరుకు కాగితం అంటించాలన్న సలహా వాళ్లదే.

చివరగా ఒక విన్నపం. 8 సెంటీమీటర్ల చంద్రుడు గత నెల నుంచి కనిపించడం లేదు. ఎవరి సంచిలోనైనా ఉంటే సమావేశానికి తీసుకురండి. భూమి మా ఇంట్లోనే ఉంది.

ఇట్లు
కార్యదర్శి