డెంగీ బాక్టీరియా అని ఒకటి లేదండీ

సంపాదకుడి గారికి,

ఈ మధ్య మీ పేపర్లో జ్వరాల మీద వచ్చిన వార్తలో ‘డెంగీ బాక్టీరియా’ అని చదివాను. అచ్చుతప్పు అనుకున్నా, కానీ రెండో పేరాలో మళ్లీ అదే మాట. అలాంటి బాక్టీరియా లేదండీ, డెంగీది వైరస్. పేరు ఏదైతే ఏముందిలే అనిపించొచ్చు గానీ, రెండూ ఒకటే అనుకునేవాళ్లే జలుబు చేయగానే యాంటీబయాటిక్ మింగేది. జలుబూ వైరస్ వల్లే, దానిమీద ఆ మందు పనిచేయదు. ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరకముందు నేనూ అలా మింగినవాణ్నే.

తేడా మా బెంచీ మీద ఎలా కనపడుతుందో చెప్తాను. మూత్రం శాంపిల్‌ని అగార్ ప్లేటు, అంటే బాక్టీరియాకి మేత కలిపిన జెల్లీ పళ్లెం, మీద గీసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే, ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్ల ప్లేటు మీద తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా లేచి ఉంటాయి. కంటికి కనపడే ఆ చుక్క ఒక్క బాక్టీరియా పెంచిన సంసారం, ఈ.కోలై లాంటిదైతే అన్నీ కుదిరినప్పుడు 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది మరి. వాటిని ఇంకో ప్లేటు నిండా పూసి, మందు ఇంకిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మర్నాటికి పనిచేసే మందు చుట్టూ గుండ్రంగా ఖాళీ ఉంటుంది, పనిచేయని బిళ్ల దగ్గర అంచుదాకా పాకేసి ఉంటాయి. ఒక్కో ప్లేటులో ఏ బిళ్ల చుట్టూ ఖాళీ ఉండదు, ఆ రిపోర్టు టైపు చేయడానికి చెయ్యి ఆడదు.

వైరస్‌ని ఈ ప్లేటు మీద వేసి వారం కూర్చున్నా ఏమీ లేవదు. దానికి సొంత కణమే లేదు, ప్రొటీన్ తొడుగులో చుట్టిన కాస్త జన్యుపదార్థం, అంతే. బతికున్న కణంలోకి దూరి, ఆ కణం చేతే తన నకళ్లు తీయించుకుంటుంది. పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ చేసేది బాక్టీరియా తన కణగోడ కట్టుకోకుండా అడ్డుపడటం, మరి గోడే లేని వైరస్‌ని అదేం చేస్తుంది? సైజు చూసినా అంతే: మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు, బాక్టీరియా చాలావరకు ఒకటి నుంచి అయిదు మైక్రోమీటర్లు ఉంటాయి, డెంగీ వైరస్‌లు ఇరవై వరసగా పేర్చితే గానీ ఒక్క మైక్రోమీటరు కాదు. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ పొగాకు ఆకుల తెగులు మీద పనిచేస్తూ, బాక్టీరియాని ఆపే ఫిల్టరులోంచి కూడా రోగం జారిపోతోందని కనిపెట్టాడు, కానీ ఆ వైరస్ ఆకారం చూడాలంటే 1939లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దాకా ఆగాల్సి వచ్చింది.

మలేరియా ఈ రెండూ కాదు, ప్రోటోజోవా. ఒకే కణమైనా మన కణాల్లాగే కేంద్రకం ఉన్న జీవి. రక్తం స్లైడుకి స్టెయిన్, అంటే రంగు, వేసి, నూనె చుక్క పెట్టి పెద్ద లెన్స్ కింద చూస్తే ఎర్రకణం లోపల నీలం రింగు, దాని మీద ఎర్ర చుక్క, అచ్చం రాయి పొదిగిన ఉంగరం. పేషెంటు జ్వరంతో వణుకుతుంటే ఇలా అనకూడదు గానీ, కనపడగానే ఒక్క క్షణం ముచ్చటేస్తుంది.

శిలీంధ్రాలని, అదే ఫంగస్‌ని, మీవాళ్లు అసలు పట్టించుకోరు. తామర ఫంగసే. మన కణానికీ దాని కణానికీ పోలికలు ఎక్కువ కాబట్టి, మనకి తగలకుండా దాన్ని మాత్రమే కొట్టే మందులు తక్కువ. ఎవరో చెప్పారని స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే దురద, ఎరుపు తగ్గుతాయి, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది.

ఇక సూక్ష్మజీవుల్లో సూక్ష్మ శైవలాలు (కంటికి కనపడనంత చిన్న నాచు), వేడి నీటి ఊటల్లో కూడా బతికే ఆర్కియా అనే ఏకకణ జీవులు కూడా ఉన్నాయి. ఆర్కియా బాక్టీరియా కాదు, జీవుల్లో వేరే కొమ్మ అని 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోజ్ బృందం చెప్పేదాకా వాటినీ బాక్టీరియాలోనే కలిపేశారు, కాబట్టి పొరపాటు మీ ఒక్కరిదే కాదులెండి.

‘క్రిములు’ అన్న మాట కూడా ఒకసారి చూడండి. క్రిమిసంహారక మందు పురుగుల మీద చల్లుతాం, అదే మాట వైరస్‌కీ వాడితే చదివేవాడు ఏమనుకోవాలి? జ్వరం వార్త వేసినప్పుడల్లా అది వైరస్సా, బాక్టీరియానా, ప్రోటోజోవానా, దానికి యాంటీబయాటిక్ పనిచేస్తుందా లేదా, చివర్లో ఒక్క లైను వేయండి. డెంగీ వార్తకి సవరణ కూడా.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్