ఇకపై ప్రింట్ ప్రూఫ్‌లో మీ అక్షరాలు నల్లగా కనిపిస్తాయి

మా దగ్గర బంగారు, వెండి మెరుపు అక్షరాలు చేయించుకునే అందరికీ నమస్కారం.

ఈ మధ్య మీలో కొందరికి వెళ్లిన కార్డుల మీద బంగారు అక్షరాలు మట్టి పసుపులో, అడ్డంగా గోధుమరంగు చారలతో వచ్చాయి. ఫాయిల్ (వేడితో కాగితానికి అతికించే మెరుపు రేకు) వేయాల్సిన పనిని ప్రెస్‌వాళ్లు మామూలు నాలుగు రంగుల్లో కొట్టేశారు. మాకు ఒక్క మాటైనా చెప్పలేదు.

మేం ఇచ్చిన పీడీఎఫ్‌లో రెండు లేయర్లు ఉన్నాయి. ఒకటి పని పూర్తయ్యాక ఎలా ఉంటుందో చూపించే మెరుపు లేయర్. రెండోది ఫాయిల్ లేయర్: అవే అక్షరాలు, వెక్టర్‌లో (ఎంత పెంచినా అంచు చెదరని గీతలుగా), నూరు శాతం నలుపు, దానికి విడిగా ఒక స్పాట్ కలర్ (నాలుగు రంగుల్లో కలవకుండా వేరుగా గుర్తించే రంగు). ఫాయిల్ అచ్చు తయారయ్యేది ఈ నల్ల లేయర్ నుంచే. వేడెక్కిన ఆ అచ్చే రేకును కాగితానికి అతికిస్తుంది. ప్రెస్‌వాళ్లు నల్ల లేయర్ ఆపేసి, మెరుపు లేయర్‌ను ప్రింట్ చేశారు. అడిగితే, "స్క్రీన్ మీద గోల్డ్‌గానే ఉంది కదండీ" అన్నారు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు ఆ మాట చాలా గుచ్చుకుంది.

స్క్రీన్ మీద బంగారంలా కనిపించడం వెనక ఎంత పని ఉందో వాళ్లకు తెలియదు. ఉత్త పసుపు పూస్తే ఏ అక్షరమూ మెరవదు. గ్రేడియంట్‌లో (ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారే పూతలో) ముదురు గోధుమ పక్కనే దాదాపు తెలుపు, వెంటనే మళ్లీ ముదురు రావాలి. వెలుగునీడలు అలా ఠక్కున మారితేనే కన్ను దాన్ని లోహం అనుకుంటుంది. ఆపైన అక్షరానికి ఉబ్బెత్తు అంచులిచ్చే బెవెల్ ఎఫెక్ట్‌లో, ఉలితో చెక్కినట్టు చేసే 'చిజెల్ హార్డ్' పెడితే అక్షరం నడుమ పదునైన గట్టు లేస్తుంది. 'ల' లాంటి గుండ్రటి అక్షరంలో ఆ గట్టు ఒంపు వెంట తిరుగుతూ ఒకచోట వెలుగుతుంది, ఒకచోట ఆరిపోతుంది. అన్ని అక్షరాలకూ వెలుతురు ఒకే దిక్కు నుంచి పడాలి. అందులో తేడా వస్తే ఎంత మంచి గ్రేడియంటైనా ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

ఇదంతా వెలుగు చిమ్మే స్క్రీన్ కోసం. కాగితం మీద ఆ తళుకు కాగితం తెలుపును మించలేదు. ఆ ముదురు గోధుమలు సీఎంవైకే (ప్రెస్‌లో వాడే నాలుగు రంగుల) చుక్కలుగా మారి మురికిగా తేలతాయి. కార్డు ఎటు తిప్పినా వెలుగు కదలదు.

అందుకే, చాలా తర్జనభర్జన పడి, ఇకపై ప్రింట్ ఫైల్‌లో మెరుపు లేయర్ పెట్టకూడదని, నల్ల లేయర్ మాత్రమే ఉంచాలని నిర్ణయించాను. ఈ ఒక్క విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. మెరిసే డిజైన్ అడిగిన మనిషికి నల్ల అక్షరాల ప్రూఫ్ (అచ్చుకు ముందు చూసుకునే నమూనా) పంపితే టెన్షన్ పడరా? ఆర్డర్ వెనక్కి తీసుకోరా? ఫాయిల్ బదులు పాంటోన్ 871 లాంటి మెటాలిక్ ఇంక్ (లోహపు పొడి కలిసిన సిరా) వాడమని ఒకరు సలహా ఇచ్చారు. పెద్ద పెద్ద భాగాలకు అది బాగానే ఉంటుంది, కానీ దాని మెరుపు మెత్తన. కోటింగ్ లేని కాగితం మీద ఇంకా మందగిస్తుంది. "నాలుగు రంగుల్లోనే కాస్త ప్రకాశవంతంగా కొట్టించేయండి, ఎవరు చూస్తారు" అని ఇంకొకరు అన్నారు. మా కస్టమర్లు చూస్తారు. గ్రేడియంట్‌ను కాగితం మీద బంగారమని నేను అమ్మను. దానివల్ల ఆర్డర్లు తగ్గితే తగ్గనీ.

ప్రూఫ్‌తో పాటు మెరుపు ఎలా ఉంటుందో తెలిపే బొమ్మ విడిగా వస్తుంది, దాని మీద 'స్క్రీన్ కోసం మాత్రమే' అని రాసి ఉంటుంది. ఫాయిల్‌లో మరీ సన్నని గీతలు తెగుతాయి, ఇరుకు సందులు పూడుకుపోతాయి కాబట్టి ఒత్తులను కొంచెం లావు చేస్తాం.

పాడైన కార్డులన్నీ వేరే ప్రెస్‌లో ఫాయిల్‌తో మళ్లీ వేయిస్తున్నాం. మీరు పైసా ఇవ్వక్కర్లేదు. స్క్రీన్ కోసం చేసే లోగోలు, బ్యానర్లలో ఏ మార్పూ లేదు. మీ దగ్గర మా పాత రెండు లేయర్ల ఫైల్ ఉంటే మాత్రం దాన్ని ఏ ప్రెస్‌కూ ఇవ్వకండి, ముందు మాకు పంపండి. కొత్త ఫైల్ ఉచితంగా చేసి ఇస్తాం.