మైనం పట్టిన మట్టి

చంద్రగిరి,
డిసెంబరు నెల, ముసురు రోజు

ఒరేయ్ మామా,

ఎట్లుండావు? మీ మినెసోటాలో ఈపాటికి నేల రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. ఇక్కడ మూడు రోజులుగా ముసురు పట్టింది. శేషాచలం కొండ మబ్బుల్లో మునిగి కనిపించడమే లేదు. చేలోకి పోయే పని లేదు కాబట్టి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఫోన్లో చెప్తే సగంలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది, నాకు చెప్పిన తృప్తి ఉండదు.

పోయిన ఏడాది నువ్వు ఒక ముసలాయన గురించి చెప్పావు కదా, మీ వీధి చివర ఉంటాడు, లైసెన్సు తీసుకుని సీజన్లో నక్కలకూ, తోడేలులాంటి కొయోటీలకూ ఉచ్చులు పెడతాడు అని. ఆయన చలి రాకముందే మట్టిలో మైనం కలిపి, బకెట్లకు మూతలు బిగించి దాచుకుంటాడని చెప్తే, మట్టికి మైనం ఎందుకురా అని అడిగాను. నువ్వు చెప్పిన జవాబు నన్ను వదల్లేదు. ఇప్పుడు మా కొట్టంలో అట్లాంటి మట్టి ఆరు బకెట్లుంది. ఈ ఉత్తరమంతా దాని గురించే, ఓపిగ్గా చదువు.

ఆయన లెక్క సూటిగా ఉంది. దవడల్లాంటి ఆ ఇనుప ఉచ్చు నేలలో కదలకుండా కూర్చోవాలి. జంతువు కాలు పెట్టినప్పుడు ఏమాత్రం ఊగినా అనుమానపడి తవ్వేస్తుంది, లేదా పక్కకు తప్పుకుంటుంది. అందుకే చుట్టూ మట్టి గట్టిగా దట్టించి, పైన పలుచగా జల్లించిన మట్టి చల్లుతారు. అయితే ఆ మట్టిలో తడి ఉంటే రాత్రికి గడ్డకడుతుంది. గడ్డకట్టిన మట్టి కింద దవడలు మూసుకోవు. ఉప్పు కలిపితే తడి గడ్డకట్టదు గానీ ఇనుము తుప్పు పడుతుంది. మైనం పట్టించిన మట్టి రేణువుకు నీళ్లే అంటవు. నీళ్లు లేనిచోట గడ్డకట్టడం అనే మాటే లేదు.

మనకు ఆ చలి లేదు, ఉచ్చు పెట్టే హక్కూ లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఉచ్చు వేయడం కూడా వేట కిందికే వస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మోటారుసైకిల్ క్లచ్చు తీగతో పందికి వేసిన ఉచ్చులో ఏది పడుతుందో వేసినవాడికే తెలియదు. పంది పడొచ్చు, కుక్క పడొచ్చు, చిరుత పడొచ్చు. నాకు కావాల్సింది పట్టుకోవడం కాదురా, రాత్రి మన చేలోకి ఎవరొచ్చారో తెలుసుకోవడం. అంటే అడుగుజాడ పడే మట్టి కావాలి.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. 1900 తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనబడని కలివికోడి అనే పిట్ట మన పక్కనే, కడప జిల్లాలో, 1986లో మళ్లీ కనబడింది గుర్తుందా? రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టింది ఆ ఊళ్లలో పిట్టలు పట్టే మనిషే. తర్వాత లంకమల అడవిలో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, ఆ పిట్ట అడుగుజాడల కోసం తెల్లారి వెతికేవాళ్లు. నేనూ మామిడితోపు గట్టు మీద అట్లాంటి పట్టీలు రెండేళ్లు వేశాను. వేసవిలో అద్దంలా పడేవి జాడలు. అక్టోబరు, నవంబరు వానలకు మాత్రం మా ఎర్రమట్టి బురదైపోయి, ఆరితే పెచ్చులు లేచి, ఒక్క గుర్తూ నిలిచేది కాదు. మన పంట పోయేది సరిగ్గా ఆ రోజుల్లోనే కదా.

అప్పుడు గుర్తొచ్చాడు మీ ముసలాయన.

మొదటిసారి మార్చిలో చేశాను, పాడైంది. మట్టి చేత్తో పట్టుకుంటే పొడిగానే ఉంది. పొయ్యి మీద పెట్టి మైనం వేయగానే సన్నగా ఆవిరి లేచింది. లోపల తడి ఉందన్నమాట. తడి పట్టిన రేణువుకు మైనం అంటుకోదు, మైనం ఒక పక్క ఉండలు ఉండలుగా, మట్టి ఒక పక్క మట్టిగానే మిగిలిపోయాయి. బకెట్టు మట్టి, అర కిలో మైనం దండగ. ఈ పనిలో ఇంకేది ఎక్కువ తక్కువైనా సర్దుకోవచ్చు మామా, ఆరబెట్టడంలో మాత్రం తొందర పనికిరాదు.

రెండోసారి మే నెల ఎండను వాడుకున్నాను. ముందు పుట్టమన్ను తెద్దామనుకున్నా, ఎంత సన్నగా, మెత్తగా ఉంటుందో నీకు తెలుసు. అమ్మ ఒప్పుకోలేదు. నాగులచవితికి పాలు పోసే పుట్టను పారతో తవ్వుతావా అంది. ఆమె మాట నిజమే అనిపించి వదిలేశాను. తోపులోని ఎర్రమట్టే తెచ్చి, ఇసుక జల్లెడలో ఒకసారి, పిండి జల్లెడలో ఒకసారి జల్లించి, టార్పాలిన్ పట్ట మీద పలుచగా పరిచాను. వడ్లు ఎండేసినట్టు గంటకోసారి కాలితో కెలుకుతూ నాలుగు రోజులు ఎండబెట్టాను. సాయంత్రం చల్లబడకముందే ఎత్తి కప్పేశాను.

వేడి చేయడానికి మా తాత కాలం నాటి బెల్లం పెనం దొరికింది. గానుగ ఆగిపోయి ఇరవై ఏళ్లయింది, పెనం మాత్రం చెక్కుచెదరలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆ పెనంలో మట్టి పోసి, కింద చిన్న మంట పెట్టి, చెయ్యి పెట్టలేనంత వేడయ్యాక మంట పూర్తిగా తీసేశాను. ఆ తర్వాతే మైనం. ఈ వరస మార్చకూడదు. పారాఫిన్ మైనం 50 నుంచి 65 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, దానికి మంట అక్కర్లేదు, మట్టిలో ఉన్న వేడి చాలు. మంట మీద మైనం మితిమీరి కాగితే దాని ఆవిరికి నిప్పంటుకుంటుంది. కొవ్వొత్తులు చేసేవాళ్లు కొనే వాసన లేని మైనం దిమ్మ తిరుపతిలో తెచ్చి, కొబ్బరి తురిమినట్టు తురిమి పెట్టుకున్నాను. 20 లీటర్ల బకెట్టు మట్టికి అర కిలో లెక్క. కొంచెం కొంచెంగా చల్లుతూ పారతో తిరగేస్తూ ఉంటే, ఎర్రమట్టి రంగు ముదిరి, తడిసిన మట్టిలా కనిపిస్తుంది. చల్లారేదాకా కలుపుతూనే ఉండాలి, ఆపితే గడ్డలు కడుతుంది. గడ్డలు పడితే మళ్లీ జల్లించుకోవచ్చు. ఒక బకెట్టుకు మైనం ఎక్కువేశాను, ఆ మట్టి ముద్దకట్టి జాడ సరిగా పడలేదు.

చల్లారాక పిడికెడు మట్టిలో గుంత చేసి చెంచాడు నీళ్లు పోశాను. చామాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచి, అటూ ఇటూ దొర్లింది. మామా, ఆ బొట్టును అమ్మకు, నా భార్యకు, పాలు పోయడానికొచ్చిన అబ్బాయికి, అందరికీ పిలిచి చూపించాను.

ఇక అసలు సంగతి. అక్టోబరులో మన పక్కచేను రైతు చెనిక్కాయ పీకడానికి పది రోజుల ముందు వచ్చి, రాత్రుళ్లు పందులు తవ్వేస్తున్నాయి, తీగ ఉచ్చులు వేస్తానన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. వారం ఆగమని బతిమాలి, ఆయన గట్టు మీద మూడుచోట్ల మైనం మట్టి పట్టీలు పరిచాను. నీళ్లు నిలవకుండా నడుమ కాస్త ఎత్తు చేశాను. పెద్ద వాన పడితే చినుకుల దెబ్బకు పాత జాడలు చెరిగిపోతాయి, అది నిజం. కానీ వాన ఆగిన వెంటనే చీపురుతో ఒకసారి సాపు చేస్తే మళ్లీ సిద్ధం. మామూలు మట్టయితే రెండు రోజులు బురదే.

ఏడు రాత్రుల్లో పంది వచ్చింది ఒక్కసారి. రెండు గిట్టలు, వెనక రెండు చిన్న గుర్తులు, స్పష్టంగా ఉన్నాయి. నాలుగు రాత్రులు వచ్చింది ఏదుపంది! చిన్నపిల్లాడి అరచెయ్యిలాంటి జాడ, పక్కన ముళ్లు ఈడ్చుకుపోయిన గీతలు. ఐదో రోజు తెల్లారి ఆయనే నన్ను పిలిచాడు. పట్టీ చివర ఒకే ఒక్క అడుగు. నాలుగు వేళ్లు, గోళ్ల గుర్తు లేదు, వెనక మెత్త వెడల్పుగా. చిరుత. తీగ వేద్దామని ఆయన కొయ్య పాతిన చోటికి రెండు బారల దూరం కూడా లేదు.

ఆయన చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపినప్పటి నుంచి దాని పేరెత్తితే మన ఊళ్లలో ఎంత భయమో నీకు తెలుసు. తీగలో పడి నొప్పితో గింజుకునే చిరుత దగ్గరికి తెల్లవారుజామున నీళ్లు కట్టను పోయేది ఆయన కొడుకే. తీగ చుట్ట తీసి అటక మీద పెట్టేశాడు. ఇద్దరం కలిసి గట్టు వెంబడి కంప వేసి, ఏదుపంది దూరే సందుల్లో రాళ్లు పేర్చాం. ఆ తర్వాత కూడా కొంత పోయింది, కానీ మునుపటంత కాదు.

నువ్వు మీ ముసలాయన్ని నా తరఫున ఒక్కటి అడగాలి. రెండు నెలలు వానకు నానిన పట్టీల్లో పైపొర మామూలు మట్టితో కలిసిపోయి నీళ్లు పీలుస్తోంది. దాన్ని ఎండబెట్టి మళ్లీ కొంచెం మైనం పట్టిస్తే సరిపోతుందా, లేక పారబోసి కొత్తది చేసుకోవాలా? ఆయన ఏం చేస్తాడో కనుక్కుని వెంటనే రాయి. మేలో వస్తానన్నావు కదా, పెనం అప్పటిదాకా కడిగి బోర్లించి ఉంచుతా.

నీ
చంద్రగిరి మామ